నోటిలెక్కలకు ఏది మేలు: వేళ్లా, బట్టీయా, పది చేయడమా?

ఆరేడేళ్ల పిల్లల్ని 8+5 ఎంత అని అడిగితే జవాబు మూడు దారుల్లో రావచ్చు. కొందరు వేళ్లు మడిచి లెక్కపెడతారు. కొందరు ముందే బట్టీ పట్టి ఉంటారు గనక ఠక్కున చెప్పేస్తారు. ఇంకొందరు ఐదులోంచి రెండు తీసి ఎనిమిదికి ఇచ్చి పది చేసుకుని, మిగిలిన మూడు కలిపి 13 అంటారు. జవాబు ఒకటే. తేడా బయటపడేది 48+5 అడిగినప్పుడు. మూడో దారే అన్నిటికన్నా మేలు, కానీ మిగతా రెండూ లేకుండా అది నిలబడదు.

వేళ్లతోనే మొదలుపెట్టాలి. పెద్ద అంకె మనసులో, చిన్న అంకె చేతిలో. 2+9 అడిగినా మనసులో ఉండాల్సింది తొమ్మిదే. ఇక్కడ తరచూ జరిగే తప్పు: 8+5 కి ఐదు వేళ్లు చాపి మొదటి వేలు దగ్గర "ఎనిమిది" అనడం. అప్పుడు ఐదో వేలు దగ్గర 12 వస్తుంది. జవాబు ఎప్పుడూ ఒకటి తక్కువ వస్తోందంటే కారణం దాదాపు ఇదే. తల మీద చెయ్యి పెట్టి "ఎనిమిది" అనిపించి, మొదటి వేలు మడిచేటప్పుడు "తొమ్మిది" అనిపించండి, సర్దుకుంటుంది. వేళ్లు వాడొద్దని గదమాయిస్తే మాత్రం పిల్లలు బల్లకింద లెక్కపెడతారు, అంతే. వేళ్లకు ఉన్న ఇబ్బంది వేరు. 7+8 లాంటివాటికి ఒక చెయ్యి చాలదు, మధ్యలో ఎక్కడున్నామో మరిచిపోతారు.

బట్టీలో వేగం ఉంది, ఆసరా లేదు. 1 నుంచి 9 వరకు అంకెల కూడికలు 81. 3+6, 6+3 ఒకటే అనుకుంటే 45. అవన్నీ కార్డుల మీద రాసి చదివించవచ్చు. కానీ ఒకటి మరిచిపోతే దాన్ని తిరిగి రాబట్టుకునే దారి ఉండదు, ఏదో ఒకటి ఊహించి చెప్తారు. గుణకారం ఎక్కాలు మొదలయ్యాక 3+4 కి 12 అనడం కూడా ఇలాంటిదే. అందుకే కార్డులు నేర్పడానికి కాదు, నేర్చుకున్నది గట్టిపరచడానికి.

పది చేయడానికి ముందు రెండు విషయాలు రావాలి. ఒకటి, పది జంటలు: 1-9, 2-8, 3-7, 4-6, 5-5. రెండు, ఏ చిన్న అంకెనైనా రెండుగా విడగొట్టడం. కాగితం మీద ఐదేసి గళ్లతో రెండు వరుసలు గీయండి. ఎనిమిది గళ్లలో గింజలు పెట్టి, పక్కన వేరే రంగు గింజలు ఐదు ఉంచండి. ఖాళీలు రెండు కనిపిస్తాయి. ఆ రెండూ నింపించి, బయట మిగిలినవి ఎన్నో అడగండి. కొన్ని రోజులయ్యాక గింజలు తీసేసి ఖాళీ గళ్లు మాత్రమే చూపించండి, తర్వాత కాగితమూ తీసేయండి. గింజల నుంచి ఒక్కసారిగా నోటిలెక్కకు దూకిస్తే తడబడతారు. రెండు ఇచ్చేశామన్న సంగతి మరిచి, పదికి మళ్లీ ఐదూ కలిపి 15 అంటారు. "ఎన్ని ఇచ్చావు, ఎన్ని మిగిలాయి?" అని ప్రతిసారీ నోటితో చెప్పించాలి.

ఇందులో ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. పది దాటే కూడికలు నిజానికి 20 మాత్రమే. అందులో 9 ఉన్నవి ఎనిమిది, వాటితోనే మొదలుపెట్టండి, ఎందుకంటే ఒక్కటి ఇస్తే చాలు. తర్వాత 8 ఉన్నవి ఆరు. ఇక మిగిలేవి 6+6, 7+7, 5+6, 6+7, 4+7, 5+7. మొదటి రెండూ జోడు అంకెలు, బట్టీ పట్టించేయవచ్చు. 5+6, 6+7 వాటి పక్కనే ఉన్నాయి: 6+6 పన్నెండైతే 6+7 దానికి ఒకటి ఎక్కువ.

తీసివేతకూ ఆ పది జంటలే పనికొస్తాయి. 13-8 కి వెనక్కి లెక్కపెట్టడం కష్టం, తప్పులూ ఎక్కువ. ఎనిమిది నుంచి పదికి రెండు, అక్కణ్ణుంచి 13 కి మూడు, మొత్తం ఐదు. 48+5 కూడా అంతే: యాభైకి రెండు, పైన మూడు.

అబాకస్ మంచి విద్యే. కానీ పూసల చట్రం చేతిలో లేకుండా ఆ పూసల్ని మనసులోనే కదపగలగడానికి చాలా కాలం సాధన కావాలి, బడిలెక్కల్లో తడబడుతున్నవాళ్లకు తక్షణ సాయంగా అది సరిపోదు. యాప్‌లలో గడియారం పరుగెడుతుంటే పిల్లలు ఆలోచించడం మాని ఊహిస్తారు, కాబట్టి సమయం ఆపేసే వీలున్నదే వాడండి.

రోజుకు పది నిమిషాలు చాలు. పది ప్రశ్నల్లో ఏడు వచ్చినవి, మూడు కొత్తవి ఉండాలి. తప్పు చెబితే సరైన జవాబు అక్కడే చెప్పి, రెండు మూడు ప్రశ్నల తర్వాత అదే మళ్లీ అడగండి. వేళ్లు కదపకుండా మూడు సెకన్లలోపు వరుసగా కొన్ని రోజులు జవాబు వస్తే ఆ కూడికను వచ్చినవాటిలో చేర్చి, కొత్తది ఒకటి తీసుకోవచ్చు.