బాబిలోన్: కొత్త గోడలకు ముందు పాత ఎద్దులను చూడండి

బాగ్దాద్‌కు దక్షిణాన సుమారు 85 కిలోమీటర్ల దూరంలో, హిల్లా పట్టణం పక్కనే బాబిలోన్ శిథిలాలున్నాయి. రోజంతటికీ 90,000 దినార్లకు ఒప్పుకున్న డ్రైవరు మాట తప్పలేదు, తనిఖీ కేంద్రాల వద్దా ఇబ్బంది కలగలేదు.

డబ్బు పోయింది ద్వారం దగ్గర. పిలవకుండానే వచ్చి గైడునని చెప్పుకున్న పెద్దమనిషి 40,000 దినార్లు ముందే పుచ్చుకుని, దక్షిణ ప్రాసాదంలోని ఎత్తైన గోడలన్నీ 2,600 ఏళ్ల క్రితం బాబిలోన్ రాజు నెబుకద్నెజరు కట్టించినవేనని ధారాళంగా చెప్పుకుపోయాడు. నిజానికి పై భాగమంతా 1980లలో సద్దాం హుస్సేన్ పాత పునాదుల మీద లేపిన కట్టడం. నెబుకద్నెజరు ఇటుకల మీద తన పేరు వేయించుకున్నాడు కనుక సద్దాం కూడా అరబ్బీలో వేయించుకున్నాడు. హైదరాబాదులో ఉర్దూ చదువుకున్న మా బావగారు ఆ పేరును కూడబలుక్కుని చదివి, ఇదేమిటని నిలదీస్తే, అది మరమ్మతు మాత్రమేనని ఆయన తడుముకోకుండా జవాబిచ్చాడు. వేలాడే తోటలు ఇక్కడే ఉండేవని రుజువు చేసే ఆధారమేదీ తవ్వకాల్లో దొరకలేదని నేను చెప్పడంతో, వాటి కోసమే వచ్చిన బావగారు ఆపైన మాట్లాడటం మానేశారు.

ఆయన మళ్లీ నోరు విప్పింది ఇష్తార్ ద్వారం దగ్గర. ప్రవేశం వద్ద కనిపించే నీలి ద్వారం చిన్న నకలు. 1899 నుంచి 1917 వరకు ఇక్కడ తవ్వకాలు జరిపిన జర్మన్ పురావస్తు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోల్డెవే బృందానికి దొరికిన మెరుగు ఇటుకలతో పునర్నిర్మించిన ద్వారం బెర్లిన్‌లో ఉంది. అయితే ఊరేగింపు వీధి మట్టాన్ని పెంచినప్పుడు పూడిపోయిన కింది గోడలు ఇక్కడే మిగిలాయి. మెరుగు లేని ఆ ఇటుకల్లోంచి అదద్ దేవుడి ఎద్దులూ, పాము తల, గద్ద గోళ్లు గల, బాబిలోన్ ప్రధాన దేవుడు మర్దూక్ జంతువులూ వరుసలుగా ఉబ్బి కనిపిస్తాయి. మేము చాలాసేపు అక్కడే ఉండిపోయాము. గైడు మాత్రం, సద్దాం భవనానికి ఆలస్యమవుతోందని గొణిగాడు.

గుట్ట మీది ఆ భవనంలో గోడలనిండా పిచ్చిరాతలే. బైబిల్లోని బాబెలు గోపురమని చెప్పే ఎతెమెనాన్కి అనే మెట్ల గోపురం ఉన్న చోట ఇప్పుడు నీరూరిన గుంట మాత్రమే ఉంది; దాన్ని తిరిగి కట్టించాలని శిథిలాలను తొలగింపజేసిన అలెగ్జాండరు క్రీ.పూ. 323లో ఈ నగరంలోనే మరణించాడు. నెబుకద్నెజరు కంటే చాలా ముందటి రాజు హమ్మురాబి కాలపు పొరలు భూగర్భజలంలో మునిగి ఉన్నాయి.

విదేశీయులకు టికెట్టు 25,000 దినార్లు, అది న్యాయమే. గైడును ద్వారం దగ్గర మాట్లాడుకోకండి, బాగ్దాద్ నుంచే కుదుర్చుకోండి. నీడ దాదాపు లేదు కాబట్టి చలికాలంలోనే, ఉదయమే వెళ్లి, ముందుగా ఎద్దుల దగ్గరికే నడవండి.