రెండు రోజుల సింగపూర్: అమ్మ మోకాళ్ళు, పిల్లల ఓపిక లెక్కలో పెట్టుకుని

శుక్రవారం రాత్రి శంషాబాద్‌లో విమానం ఎక్కి, శనివారం తెల్లవారేసరికి సింగపూర్‌లో దిగి, ఆదివారం రాత్రికి తిరుగు ప్రయాణం కావాలన్నది మా ఏర్పాటు. నేను, నా భార్య, పదకొండేళ్ళ అమ్మాయి, ఐదేళ్ళ అబ్బాయి, డెబ్బై దాటిన మా అమ్మ, వెరసి ఐదుగురం. అమ్మకు మోకాళ్ళ నొప్పులున్నాయి, పైగా ఆమె పూర్తి శాకాహారి. ప్రయాణం నాలుగున్నర గంటలే అయినా, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి ఆ రాత్రి నిద్రలో సగానికి పైగా పోతుందని ముందే అనుకుని, శనివారం ఉదయానికి ఏ టిక్కెట్టూ కొనలేదు. వీసా ఎలాగూ ముందుగా తీసుకోవలసిందే. అది కాక, దిగడానికి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపవలసిన అరైవల్ కార్డు ఒకటి ఉంది. అక్కడి ప్రభుత్వ సైట్‌లో అది పూర్తిగా ఉచితం కనుక, డబ్బు అడిగే సైట్ల జోలికి వెళ్ళకూడదు.

బస విషయంలో మేము ఒక పొరపాటు చేశాము. సెరంగూన్ రోడ్డుకు దగ్గరగా, ఫారర్ పార్క్ స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో హోటల్ చూసుకోవడం మంచి నిర్ణయమే. కాని గది వివరాలను శ్రద్ధగా చదవలేదు. మాకిచ్చిన రెండు గదులూ వేర్వేరు అంతస్తుల్లో ఉన్నాయి, అందులో ఒకదానికి కిటికీయే లేదు. ఆ నగరంలో తక్కువ ధర గదులు చాలావాటికి కిటికీ ఉండదనీ, ఆ సంగతి వివరాల్లో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుందనీ తరువాత తెలిసింది. పిల్లవాడికి అదనపు పరుపు ఇస్తామని ఉత్తరంలో రాసినవారు, తీరా వెళ్ళాక లేదన్నారు. ధర దగ్గర కూడా జాగ్రత్త అవసరం. అంకె పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే, దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద తొమ్మిది శాతం జీఎస్‌టీ పడతాయని అర్థం. అంటే 200 డాలర్ల గది చివరికి దాదాపు 240 డాలర్లవుతుంది. ఇంత చెప్పినా, మళ్ళీ వెళితే ఆ ప్రాంతంలోనే ఉంటాను. హోటల్ మారుస్తాను గాని వీధి మార్చను.

ఆ వీధి అంత నచ్చడానికి కారణం అమ్మ. గదులు మధ్యాహ్నం మూడు గంటలకు గాని ఇవ్వమన్నారు. సామాను అప్పగించి, ముఖాలు కడుక్కుని, అయిదారు నిమిషాలు నడిచేసరికి శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయ గోపురం కనిపించింది. 1855లో వెలసిన ఆలయమిది, ఏటా తమిళుల మురుగన్ పండుగ తైపూసం ఊరేగింపు ఇక్కడి నుంచే బయలుదేరుతుంది. రాత్రంతా కునుకు లేక చిరాకుగా ఉన్న అమ్మ, లోపలికి అడుగుపెట్టి స్వామిని చూడగానే "గోవిందా" అని చేతులు జోడించి, మంటపంలో స్తంభానికి ఆనుకుని అరగంట కూర్చుంది. ఆ అరగంటతో ఆమె బడలిక తీరిపోయింది. మధ్యాహ్నం గుడి మూసి మళ్ళీ సాయంత్రం తెరుస్తారు కనుక పొద్దున్నే వెళ్ళడం మంచిది.

భోజనానికి కూడా దూరం పోనక్కరలేకపోయింది. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో అమ్మకు దోసె, సాంబారు దొరికాయి. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనున్న టెక్కా సెంటర్‌లో ఒకవైపు కూరగాయలు, చేపల మార్కెట్, మరోవైపు వరుసగా తిండి దుకాణాలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల అందరూ కలిసి కూర్చుని తినే పద్ధతికి 2020లో యునెస్కో గుర్తింపు దక్కింది. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ కాగితాల పొట్లం ఉంటే అది ఎవరో ఆపుకున్న చోటని అర్థం. మా అమ్మాయి తెలియక ఒకదాన్ని పక్కకు జరపబోతే, పక్క బల్ల దగ్గరి పెద్దావిడ నవ్వుతూ చేత్తో వారించింది. తిన్న తరువాత పళ్ళెం ఎవరిది వారే తీసి అరల్లో పెట్టాలి, హలాల్ పళ్ళేలకు అర వేరుగా ఉంటుంది. ఐదేళ్ళవాడు ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడంటే, రెండోపూట మా అందరి పళ్ళేలూ తనకే ఇమ్మన్నాడు.

రవాణా గురించి నిస్సంకోచంగా మెచ్చుకోవచ్చు. మేము దిగిన ప్రతి మెట్రో స్టేషన్‌లోనూ లిఫ్ట్ ఉంది. బస్సు ఆగినప్పుడు నేల దాదాపు కాలిబాట ఎత్తుకే రావడంతో, అమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కింది. మన బ్యాంకు కార్డునే గేటు దగ్గర ఆనించి వెళ్ళవచ్చు గాని, మనిషికొక కార్డు కావాలి, ఒకే కార్డుతో ఇంటిల్లిపాదీ వెళ్ళడం కుదరదు. పిల్లలున్నవారు మరొకటి గమనించాలి. 1.35 మీటర్ల కన్నా పొట్టిగా ఉన్న పిల్లలకు కారులో ప్రత్యేకమైన సీటు తప్పనిసరి. యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు ఈ నియమం వర్తిస్తుంది, మీటరు టాక్సీలకు మినహాయింపు ఉంది. ఇది తెలియక మొదటి రోజు ఒక కారును వెనక్కి పంపవలసి వచ్చింది.

శనివారం సాయంత్రం గార్డెన్స్ బై ద బేకి వెళ్ళాము. 101 హెక్టార్ల ఈ తోటలో బయట తిరగడానికి డబ్బు కట్టనక్కరలేదు, రెండు పెద్ద గాజు గృహాలకు మాత్రం టిక్కెట్ ఉంది. ఒక్కటే చూడగలిగేవారు క్లౌడ్ ఫారెస్ట్‌ను ఎంచుకోవాలని నా సలహా. లోపల 35 మీటర్ల ఎత్తున, ఒళ్ళంతా మొక్కలు కప్పుకున్న కొండ ఒకటి కట్టారు. లిఫ్టులో పైకి వెళ్ళి, వాలుగా ఉన్న దారిలో మెల్లగా దిగవచ్చు కాబట్టి మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఇబ్బంది లేదు. చల్లటి తుంపర చేతి మీద పడుతుంటే అమ్మ చీర కొంగు కప్పుకుని నడిచింది. తరువాత 7.45కు సూపర్‌ట్రీల కింద దీపాల ప్రదర్శన. ఇరవై అయిదు నుంచి యాభై మీటర్ల ఎత్తున్న ఈ ఉక్కు చెట్లలో కొన్నిటి మీద సౌర ఫలకాలున్నాయని అమ్మాయి అక్కడి బోర్డు చదివి తమ్ముడికి చెప్పింది. చుట్టూ ఉన్నవారందరూ నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తున్నారు, మేమూ అలాగే పడుకున్నాము.

ఆదివారం ఉదయం జంతుప్రదర్శనశాలకు కేటాయించాము. 1973లో తెరిచిన ఈ శాలలో చాలా జంతువులకు ఊచల బదులు కందకాలు, నీటి కాలువలే అడ్డు. లోపల తిరిగే ట్రామ్ అమ్మకు ఉపయోగపడింది. కాని ఈ శాల ఉన్న మండాయ్ ప్రాంతం నగరానికి ఉత్తరాన దూరంగా ఉంది, మెట్రో నేరుగా వెళ్ళదు. రానూ పోనూ ప్రయాణంతో కలిపి సగం రోజు గడిచిపోయింది, పిల్లవాడు తిరుగు బస్సులో నిద్రపోయాడు. రెండు రోజులే ఉన్నవారు దీన్ని వదిలేసినా లోటుండదు.

అందరం ఏకగ్రీవంగా ఇష్టపడ్డ చోటు మెరీనా బ్యారేజ్. సముద్రంలోకి వెళ్ళే కాలువకు అడ్డంగా 2008లో తెరిచిన ఈ ఆనకట్ట వల్ల నగరం నడిబొడ్డునున్న ఉప్పునీటి అఖాతం మంచినీటి జలాశయంగా మారింది. భారీ వాన కురిసినప్పుడు సముద్రం పాటులో ఉంటే తలుపులు తెరిచి నీరు వదులుతారు, పోటులో ఉంటే పంపులతో తోడి అవతలికి పోస్తారు. అంతకు ముందు 1977 నుంచి పదేళ్ళపాటు సింగపూర్ నదిని శుభ్రం చేశారు. మూసీ ఒడ్డున పెరిగిన నాకు ఆ నీటిని చూస్తుంటే గొంతు పట్టేసింది. భవనం పైకప్పు మీద పచ్చిక పరిచి ఉంది, ప్రవేశం ఉచితం. ఎదురుగా మెరీనా బే శాండ్స్ హోటల్ మూడు టవర్లు, చేతిలో గాలిపటం, ఆపకుండా గాలి. పక్కనున్న కుటుంబం తమ గాలిపటం దారం మావాడి చేతికిచ్చింది, చీకటి పడేదాకా వాడు దాన్ని వదల్లేదు.

విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న జ్యుయెల్ అనే షాపింగ్ భవనంలో నలభై మీటర్ల జలపాతం ఉంది. మేము దిగిన ఉదయం నీరు పడటం లేదు. అందుకని ఆదివారం రాత్రి మూడు గంటలు ముందే వెళ్ళాము. రంగు దీపాల్లో కప్పు మధ్య నుంచి నీరు దూకుతుంటే, అమ్మ చెప్పులు విప్పి కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంది. విమానం వేళయిందని రెండుసార్లు పిలిస్తే గాని లేవలేదు.