ఇంటర్వ్యూలా, డైరీలా, చిత్తుప్రతులా: కథ రాయడం నేర్చుకోవడానికి ఏది మేలు?

పేరున్న రచయితలు ఎలా రాశారో చూసి మెలకువలు పట్టుకోవాలంటే ప్రధానంగా మూడు దారులున్నాయి. ఎక్కువమంది ఇంటర్వ్యూలతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నేర్పే శక్తి వాటికే అన్నిటికన్నా తక్కువ.

అమెరికన్ నవలాకారుడు హెమింగ్వేనే చూడండి. ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ ముగింపును 39 సార్లు తిరగరాశానని 1958లో ప్యారిస్ రివ్యూ అనే సాహిత్య పత్రిక ఇంటర్వ్యూలో చెప్పాడు. అంత ఇబ్బంది ఏమొచ్చిందని అడిగితే, మాటలు సరిగ్గా కుదరాలి కదా అన్న ధోరణిలో జవాబిచ్చాడు. ఆ జవాబుతో కొత్త రచయిత చేయగలిగింది ఏమీ లేదు. 2012లో వచ్చిన కూర్పులో, ఆయన చెప్పిన లెక్కకన్నా ఎక్కువగా, ఆ ముగింపులు 47 అచ్చయ్యాయి. ఏ వాక్యం ఎక్కువ వివరించింది, ఏది ముందే ఓదార్చింది అన్నది వాటిని పక్కపక్కన పెట్టి చదివితేనే తెలుస్తుంది. ఇంటర్వ్యూ అంటే పని ముగిశాక జ్ఞాపకం అల్లిన కథ. పైగా ప్యారిస్ రివ్యూ లాంటి చోట్ల అచ్చుకు ముందు రచయితలే తమ జవాబులు సవరించుకుంటారు.

అలాగని పారేయనక్కర్లేదు. ఆ ఇంటర్వ్యూలోనే, తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోట ఆనాటి పని ఆపాలన్న సలహా ఉంది. రేపే పరీక్షించి చూడొచ్చు. ఇలా చేసి చూడగలిగినవి మాత్రమే రాసుకుని తక్కినవి వదిలేయండి. చిక్కల్లా అలవాట్లను అనుకరించడంతోనే వస్తుంది. హెమింగ్వే నిలబడి రాసేవాడు. మనం నిలబడి రాసినంత మాత్రాన వాక్యం నిలబడదు.

డైరీల సంగతి వేరు. అవి రాసేనాటికి పుస్తకం ఎలా తేలుతుందో రచయితకే తెలియదు. అమెరికన్ నవలాకారుడు స్టైన్‌బెక్ 1951లో ‘ఈస్ట్ ఆఫ్ ఈడెన్’ రాస్తూ, నోటుపుస్తకంలో ఒకవైపు పేజీలో తన సంపాదకుడికి ఉత్తరం, ఎదుటి పేజీలో నవల సాగించాడు. ఆ ఉత్తరాలను విడిగా కాక నవల అధ్యాయాలతో జత చేసి చదవాలి. ఆరోజు పడిన సందేహం అధ్యాయంలో ఎలా తీరింది, లేక తీరకుండానే మిగిలిందా అన్నదే పాఠం. నవల సగంలో చతికిలబడినవాళ్లకు ఇంతకన్నా మంచి తోడు దొరకదు. చిన్నకథలు రాసేవాళ్లకు మాత్రం ఉపయోగం తక్కువ.

నా ఓటు చిత్తుప్రతులకే. వాటికోసం ఏ గ్రంథాలయ భాండాగారానికో వెళ్లనక్కర్లేదు. ఒకే కథ రెండు రూపాల్లో అచ్చయినా చాలు. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ 1981 కథల సంపుటిని సంపాదకుడు గోర్డన్ లిష్ సగానికి పైగా కోసేశాడు. అందులో ‘ది బాత్’ కథ ఫోన్ కాల్‌తో తెగిపోతుంది, కారు ఢీకొని ఆసుపత్రిలో ఉన్న బిడ్డ సంగతి తేలదు. అదే కథ, కోసేసిన భాగాలు చాలావరకు తిరిగి చేరి, 1983 సంపుటిలో ‘ఎ స్మాల్, గుడ్ థింగ్’గా వచ్చింది. బిడ్డ చనిపోతాడు, అతని పుట్టినరోజు కేకు చేసిన బేకరీవాడు ఆ తల్లిదండ్రులను కూర్చోబెట్టి రొట్టె పెడతాడు. ఒకటి భయంతో వదులుతుంది, ఇంకొకటి దుఃఖంలోంచి నడిపిస్తుంది. ఇది చాలావరకు కోతల వల్ల వచ్చిన తేడా.

చదివే పద్ధతి ఇదీ. రెండు రూపాల్లోంచి ఒకే సన్నివేశం, సుమారు 500 మాటలు, తీసుకోండి. పోయినవి, చేరినవి, చోటు మారినవి, మాట మారినవి నాలుగు రంగుల్లో గుర్తించండి. పోయిన ప్రతి వాక్యం పక్కనా అది పాఠకుడికి ఏం చెబుతోందో రాయండి: సమాచారమా, భావమా, వ్యాఖ్యానమా? తర్వాత మీ కథలో ఒకే పేజీ తీసుకుని అదే రకం వాక్యాలు తీసేసి చూడండి. కథ మొత్తం మీద ఒకేసారి కత్తి పెడితే ఏ కోత పనిచేసిందో తెలియదు.

ఇక్కడా రెండు పొరపాట్లు జరుగుతాయి. కొట్టేసిందల్లా చెడ్డదనుకోవడం ఒకటి. బాగున్న వాక్యమే ఆ చోట ఇమడక పోయి ఉండొచ్చు. మార్పు ఎవరిదో చూడకపోవడం రెండోది. లిష్ కోతలను కార్వర్ శైలిగా నేర్చుకుంటే సంపాదకుడి అభిరుచిని రచయిత ఖాతాలో వేసినట్టే.

మొదటి కథే ఇంకా పూర్తికాని వాళ్లకు చిత్తుప్రతుల వల్ల పెద్ద లాభం ఉండదు, పోల్చి చూసుకోవడానికి సొంత పేజీ ఉండదు కాబట్టి. అందాకా ఇంటర్వ్యూల్లోంచి ఒక్క పని అలవాటు తీసుకుని కథ ముగించడం మేలు. కథలు పూర్తవుతున్నా చప్పగా వస్తున్నవాళ్లు మాత్రం నేరుగా చిత్తుప్రతులకే వెళ్లాలి.