అలాస్కా క్రూజ్‌లో ఫోన్, నెట్: సొంత సిమ్ మేలా, ఓడ వైఫై మేలా?

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే అమెరికాలోని తెలుగువాళ్ల ఇళ్లలో అలాస్కా క్రూజ్ మాట రాకుండా ఉండదు. బాల్కనీ గది కావాలా, వెజ్ భోజనం దొరుకుతుందా అన్నవన్నీ నెలల ముందే తేల్చుకుంటారు. ఫోన్ల సంగతి మాత్రం సియాటిల్ రేవులో లైన్లో నిలబడ్డాక గుర్తొస్తుంది. ఓడ వైఫై ముందే కొనుక్కుంటే వచ్చే తగ్గింపు అప్పటికి పోయినట్టే.

మన ముందున్న దారులు నాలుగు. ఒడ్డున ఉన్న టవర్లతో సొంత సిమ్ వాడుకోవడం, ఓడలోనే ఉండే మొబైల్ నెట్‌వర్క్, ఓడ వైఫై ప్యాకేజీ, లేదంటే రేవు వచ్చేదాకా ఫోన్ కట్టేసి కూర్చోవడం. వీటిలో రెండోదాన్ని ముందే పక్కన పెట్టేద్దాం, ఎందుకంటే అది మనం ఎంచుకోకపోయినా దానంతటదే వచ్చి తగులుకుంటుంది.

ఓడ తీరానికి దూరమయ్యాక లోపల తన సొంత మొబైల్ నెట్‌వర్క్ ఆన్ చేస్తుంది. ఫోన్ పైమూల "సెల్యులార్ ఎట్ సీ" అనో, 901-18 అనో కనిపించిందంటే మీ సిమ్ దానికి కనెక్ట్ అయిపోయినట్టే. 901 ఏ దేశపు కోడూ కాదు, దేశాల హద్దులు లేని నెట్‌వర్కులకు కేటాయించినది. అందుకే మీ అన్‌లిమిటెడ్ ప్లాన్ గానీ, అమ్మ ఇండియా సిమ్‌కి వేయించిన ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ గానీ మామూలుగా అక్కడ చెల్లవు. కాల్ చేసినా, వచ్చిన కాల్ ఎత్తినా నిమిషానికి డాలర్లలో పడుతుంది. డేటా ఆఫ్ చేశాం కదా అని పెద్దవాళ్లు ధీమాగా ఉంటారు. డేటా ఆపినంత మాత్రాన కాల్స్ ఆగవు. ఓడ కదలగానే అందరి ఫోన్లూ మీరే తీసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. ఈ ఓడ నెట్‌వర్క్ కోసం ఫోన్ కంపెనీలు అమ్మే క్రూజ్ పాస్‌లు ఉన్నాయి కానీ, ఆ డబ్బేదో వైఫైకి పెడితే ఎక్కువ పని జరుగుతుంది.

ఇక అసలు పోటీ సొంత సిమ్‌కీ వైఫైకీ మధ్యే.

దారిలో ఓడలు ఆగే కెచికాన్, జునో, స్కాగ్వే మూడూ అమెరికా ఊళ్లే కాబట్టి అమెరికా సిమ్‌కి రోమింగ్ గొడవ లేదు. ఓడ రేవుకు దగ్గరవుతుండగానే సిగ్నల్ వస్తుంది, ఊరు దాటిన కాసేపటికి పోతుంది. మధ్యలో ఉన్నది కొండలూ అడవీ, అక్కడ టవర్ ఎవరికోసం పెడతారు? పైగా సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ కదలకపోవచ్చు. జునో జనాభా సుమారు 32 వేలు. రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రాకూడదని 2024 నుంచి హద్దు పెట్టుకున్నారు. ఆ అయిదూ ఒకే పూట దిగితే ఊరి జనాభాలో సగం మంది కొత్తవాళ్లు అవే టవర్ల మీద పడతారు. అలాంటప్పుడు రేవు పక్కనే, పార్కింగ్ భవనం పైన ఉన్న ఊరి లైబ్రరీలో ఉచిత వైఫై అక్కరకొస్తుంది. స్కాగ్వేలో కొండ రైలు ఎక్కాలనుకుంటే ఫోన్ పనులు రైలు ఎక్కకముందే కానిచ్చేయాలి, పైన సిగ్నల్ ఉండదు.

ఎక్కే రేవును బట్టి కూడా లెక్క మారుతుంది. కెనడాలోని వాంకూవర్‌లో ఎక్కితే చాలా ఓడలు వాంకూవర్ దీవికి లోపలివైపు, ఒడ్డుల మధ్య నుంచి వెళ్తాయి, అప్పుడప్పుడూ కెనడా టవర్లు తగులుతుంటాయి. సియాటిల్ నుంచి వెళ్లే పెద్ద ఓడలు ఎక్కువగా ఆ దీవికి బయట, నడి సముద్రంలో పోతాయి. ఆ దారిలో సొంత సిమ్ దండగే. ఇంకోటి, 1886 నాటి అమెరికా చట్టం వల్ల విదేశాల్లో రిజిస్టరైన ఓడలు సియాటిల్‌లో మొదలై సియాటిల్‌లోనే ముగిస్తే మధ్యలో వేరే దేశపు రేవు ఒకటి తాకాలి. అందుకే చాలా ఓడలు చివర్లో కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. పెద్ద కంపెనీల అన్‌లిమిటెడ్ ప్లాన్లలో చాలావాటికి కెనడా కలిసే ఉంటుంది. చవక ప్రీపెయిడ్ వాడేవాళ్లు మాత్రం చూసుకోవాలి.

ఓడ వైఫై మీద పాత చెడ్డపేరు ఒకటుంది, అది ఊరికే రాలేదు. ఓడకు నెట్ అందించే పాత పద్ధతి ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమధ్యరేఖ మీద ఉంటాయి. మాట వెళ్లి జవాబు రావడానికే అర సెకను. అలాస్కా అంత ఉత్తరాన అవి దక్షిణాకాశంలో బాగా కిందికి ఉంటాయి కాబట్టి కొండల మధ్య ఇరుకు సముద్రపాయల్లో (ఫియోర్డుల్లో) కొండ అడ్డొస్తే అంతే సంగతులు. కొత్తగా వచ్చిన స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు తిరిగేది 500 కిలోమీటర్లకు అటూ ఇటూ ఎత్తులోనే, అదీ ఆకాశమంతటా. పెద్ద క్రూజ్ కంపెనీలు 2022 నుంచి వాటికి మారుతూ వచ్చాయి. ఇప్పుడు వాట్సాప్ వీడియో కాల్ మామూలు విషయం. గ్లేసియర్ బే నేషనల్ పార్కులో ఓడ దాదాపు పగలంతా తిరుగుతుంది, ఆ మంచుకొండల ముందు టవర్లుండవు. అక్కడి నుంచి మనవరాలి ముఖం ఇండియాలో ఉన్న తాతకు చూపించాలంటే వైఫై ఒక్కటే దిక్కు.

ధర కంపెనీని బట్టి మారుతుంది, చాలావాటిలో ఒక ఫోనుకు రోజుకు సుమారు 15 నుంచి 30 డాలర్ల మధ్య ఉంటుంది. అయిదుగురికి అయిదు తీసుకుంటే వారానికి ఎంతవుతుందో చూసుకోండి. నా మాట అడిగితే ఇంటిల్లిపాదికీ ఒక్క కనెక్షన్ చాలు. చాలా ఓడల్లో ఒకరు లాగౌట్ అయి ఇంకొకరు లాగిన్ కావచ్చు. ఓడ యాప్ ఎలాగూ ప్యాకేజీ లేకుండానే నడుస్తుంది, భోజనం వేళలూ కార్యక్రమాలూ అందులోనే కనిపిస్తాయి. కొన్ని కంపెనీల యాప్‌లో చాట్ కూడా ఉంటుంది, నాన్న ఏ డెక్ మీద ఉన్నారో కనుక్కోవడానికి అది సరిపోతుంది. ఉన్న ఒక్క కనెక్షన్ ఫోటోల బ్యాకప్‌కీ, బంధువుల గ్రూపులో తెల్లారితే వచ్చిపడే శుభోదయం పూలబొమ్మలకీ పోకుండా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. ఆఫీసు పని తప్పనివాళ్లకు ఈ సర్దుబాటు కుదరదు, వాళ్లు విడిగా తీసుకోవాల్సిందే.

వైఫై తీర్చలేని అవసరం ఒకటుంది, ఓటీపీ. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఇండియా సిమ్‌కి బ్యాంకు ఎస్సెమ్మెస్ రాదు. వైఫై కాలింగ్ మీద వస్తుందిలే అని నమ్ముకోవద్దు. నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ పనో, ఇన్సూరెన్స్ ప్రీమియమో ఉంటే ఓడ ఎక్కకముందే ముగించాలి, లేదా రేవులో దిగాక రోమింగ్ ఆన్ చేసి చూసుకోవాలి. ఇక్కడ సొంత సిమ్‌దే పైచేయి.

ఇదే సలహా మన తీరానికి తెచ్చి అతికిస్తే పనిచేయదు. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు క్రూజ్ ఓడ నడిచింది. మ్యాప్ మీద విశాఖ నుంచి చెన్నైకి నేరుగా గీత గీయండి, అది తీరం వెంట పోదు. కృష్ణా డెల్టా ఎదురుగా వచ్చేసరికి ఒడ్డు సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పాత 2జీకైతే టవర్ అందే హద్దే 35 కిలోమీటర్లు. అంత దూరంలో జేబులో సిమ్ ఏ కంపెనీదైనా ఒకటే. రేవులూ తక్కువ. అక్కడ వైఫై కొనాలా, ఒకటి రెండు రోజులు నెట్ లేకుండా గడిపేయాలా అన్నదే ప్రశ్న, నేనైతే రెండోదానికే ఓటేస్తాను.

అలాస్కా వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి, ఫోన్‌లో టైమ్. అలాస్కా సియాటిల్ కన్నా గంట వెనక. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోన్ ఒక టైమ్ చూపిస్తుంది, రేవు టవర్ తగలగానే ఇంకోటి చూపించవచ్చు. తిరిగి ఎక్కాల్సిన వేళకు ఓడ గడియారమే ప్రమాణం. ఇండియాకు ఫోన్ చేయాలంటే అలాస్కాలో ఉదయం 8 గంటలు మంచి సమయం, వేసవిలో మనవాళ్లకు అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, భోజనాలయ్యి తీరిగ్గా ఉంటారు.