దుబాయి, షార్జా ప్రయాణాల్లో డేటా ఈ-సిమ్: చాలాకాలం వాడిన తర్వాత

తమ్ముడి కుటుంబం షార్జాలో స్థిరపడటంతో కొన్నేళ్లుగా అక్కడికి తరచూ వెళ్లి వస్తున్నాను. వెళ్లిన ప్రతిసారీ ప్రయాణికుల కోసం అమ్మే డేటా ఈ-సిమ్‌నే (కార్డు లేకుండా ఫోనులోనే ఎక్కించుకునే సిమ్) వాడుతున్నాను. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే: డేటా ఏ సిమ్‌దైనా, నా వాట్సాప్ మాత్రం ఊళ్లో అందరికీ తెలిసిన నా పాత నంబరు మీదే నడుస్తుంది. మన సిమ్‌లో డేటా రోమింగ్ ఆపి, ఈ-సిమ్‌కు ఆన్ చేస్తే చాలు.

ఈ సౌకర్యం విలువ మా అమ్మ వల్ల నాకు బాగా తెలిసింది. ఆమె జగిత్యాల దగ్గరి పల్లెలో ఉంటుంది, చదవడం రాదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు. అక్కడివారు బోటిమ్ వంటి యాప్‌లు వాడతారు కానీ, ఈ వయసులో అమ్మకు కొత్త యాప్ నేర్పడం నాకు ఇష్టం లేదు. వాయిస్ మెసేజ్‌లకు మాత్రం అక్కడ అడ్డు లేదు. నిమిషం సేపు మాట్లాడినా కొన్ని వందల కేబీలు దాటదు. పైగా చాలా ప్రయాణపు ఈ-సిమ్‌లు వేరే దేశపు కంపెనీవి కావడంతో ఫోను వాటిని రోమింగ్‌గానే లెక్కిస్తుంది. రోమింగ్‌లో ఉన్నప్పుడు ఫోటోలు, వీడియోలు వాటంతట అవి డౌన్‌లోడ్ కాకుండా వాట్సాప్ ముందే ఆపి ఉంచుతుంది. వాయిస్ మెసేజ్‌లు మాత్రం ఎప్పుడూ వాటంతట అవే దిగుతాయి. బంధువుల గ్రూపులోని పెళ్లి వీడియోలు డేటాను మింగకుండా ఆగిపోయి, వరి కోతల గురించి అమ్మ చెప్పిన మాట ఒక్కటీ ఆగకుండా నాకు చేరడం చూసినప్పుడు ఎంతో సంతోషం కలిగింది. చిన్న ప్యాక్‌తోనే ప్రయాణమంతా గడిచేది.

అయితే పోయిన వేసవిలో షార్జాలో ఉండగా నా ఫోను ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. మరమ్మతు దుకాణంలో బోర్డు పోయిందన్నారు. మామూలు సిమ్‌ను తీసి కొత్త ఫోనులో వేసుకున్నాను. ఈ-సిమ్ మాత్రం ఆ ఫోనుతోనే పోయింది. ఆ క్యూఆర్ కోడ్ ఒక్కసారికే పనికొస్తుందని, మిగిలిన డేటా తిరిగి ఇవ్వలేమని అమ్మినవారు మర్నాటికి బదులిచ్చారు. అంతకంటే పెద్ద చిక్కు వాట్సాప్‌ది. కొత్త ఫోనులో తెరవాలంటే నా భారతీయ నంబరుకు ఎస్సెమ్మెస్‌లో ఆరంకెల కోడ్ రావాలి. నా ప్లాన్‌లో రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌లు ఉచితమే. సిగ్నల్ కూడా కనిపిస్తోంది, కానీ కోడ్ రాలేదు. మళ్లీ అడిగిన కొద్దీ తర్వాతి ప్రయత్నానికి వేచి ఉండాల్సిన సమయం పెరిగింది. ఫోన్ కాల్ ద్వారా కోడ్ తీసుకుందామంటే, రోమింగ్‌లో కాల్ ఎత్తితే నా ప్లాన్‌లో ఛార్జీ పడుతుంది. చివరికి తమ్ముడు సెట్టింగ్‌లలోకి వెళ్లి, నెట్‌వర్క్‌ను ఫోనే ఎంచుకునే పద్ధతి తీసేసి, అక్కడి రెండో నెట్‌వర్క్‌ను స్వయంగా ఎంచాడు. వెంటనే ఆగిపోయిన కోడ్‌లన్నీ ఒక్కసారిగా వచ్చాయి, చివరిది పనిచేసింది. అప్పటిదాకా చేరకుండా ఉన్న అమ్మ మెసేజ్‌లు కూడా వరసగా దిగాయి. పాత చాట్‌ల బ్యాకప్‌ను తమ్ముడి ఇంటి వైఫై మీద దించుకున్నాను.

కాబట్టి డేటా ఏ సిమ్‌దైనా ఫరవాలేదన్న నా మాట ఫోను బాగున్నంత వరకే నిజం. ఫోను మారిన రోజున ఇంటి సిమ్ ఫోనులో ఉండాలి, దానికి రోమింగ్ (డేటాది కాదు, కాల్స్, ఎస్సెమ్మెస్‌లది) ముందే ఆన్ అయి ఉండాలి, ఎస్సెమ్మెస్ అందుతూ ఉండాలి.

కొన్ని రోజుల ప్రయాణానికి, మాటలే ప్రధానమైన నాలాంటివారికి ఈ పద్ధతి ఇప్పటికీ చవకైనదే. నెలల తరబడి అక్కడే ఉండేవారికి స్థానిక సిమ్ మేలు కావచ్చు. వారికి అక్కడి నంబరు అవసరం పడుతుంది. ఇంటివాళ్లను వీడియోలో చూడకుండా ఉండలేనివారు కాల్స్ కోసం దీన్ని నమ్ముకోకూడదు. నేను మాత్రం ధర కాస్త ఎక్కువైనా, ఫోను మారితే ఈ-సిమ్‌ను మరో ఫోనులోకి మార్చుకోనిచ్చే వారి దగ్గరే ఇప్పుడు కొంటున్నాను.