సింగపూర్ నది ఒడ్డున రెండు సాయంత్రాలు

బిల్లులో పైనే రెండు ఐటమ్‌లు ఉన్నాయి: వేరుశెనగ గింజలు, తడి టిష్యూలు. మేం రెండూ అడగలేదు. కూర్చోగానే తెచ్చి పెడితే మర్యాదకి పెట్టారనుకుని అమ్మ నాలుగు గింజలు నోట్లో వేసుకుంది, అంతే. ఆ రెస్టారెంట్ పేరు రాయడం లేదు. అది వాళ్ళ ఒక్కరి పద్ధతే కాదు, సింగపూర్‌లో సీఫుడ్ రెస్టారెంట్లు చాలావాటిలో ఇంతే. వద్దనుకుంటే ముట్టుకోకముందే తీసుకెళ్ళమని చెప్పాలి.

అసలు దెబ్బ పీత దగ్గర తగిలింది. మెనూలో దానికి ధర వెయ్యరు, ఆ రోజు రేటు ఎంతుంటే అంత, అదీ వంద గ్రాముల లెక్కన. తమ్ముడు బరువు అడక్కుండా చిల్లీ క్రాబ్ చెప్పేశాడు. పైగా ధరల పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి. ఒకటి 10 శాతం సర్వీస్ ఛార్జీ, రెండోది 9 శాతం జీఎస్టీ. ఆ జీఎస్టీ సర్వీస్ ఛార్జీ మీద కూడా పడుతుంది. అంటే మెనూలో 100 డాలర్లు చూసి కూర్చుంటే లేచేటప్పుడు 119.90 కట్టాలి. టిప్పు మాత్రం ఎవరూ ఆశించరు. వంటకి నేను వంక పెట్టను. పీత రుచి బాగుంది, పులుసులో ముంచుకోవడానికి వేయించిన బన్నులు ఇంకా బాగున్నాయి. కానీ ఆ డబ్బులో సగం మేం కూర్చున్న చోటుకి కట్టినట్టే అనిపించింది.

ఇంతా చెప్పి, ఇదంతా జరిగిన క్లార్క్ కీకి (కీ అంటే రేవు) వెళ్ళొద్దని మాత్రం అనను. తప్పకుండా వెళ్ళండి. చీకటి పడే వేళకి చేరుకుని, అక్కడి నుంచి బోట్ కీ మీదుగా నదీముఖం దాకా నడవండి. గోదావరి చూసిన కళ్ళకి అది కాలవలాగే ఉంటుంది, అమ్మ అన్న మొదటి మాట కూడా అదే. కానీ ఆ ఒడ్డునున్న రంగురంగుల పాత ఇళ్ళు చాలావరకు ఒకప్పటి గిడ్డంగులని తెలిశాక ఆవిడ చూపు మారింది. పడవల్లోంచి చెక్క పలకల మీదుగా కూలీలు బస్తాలు మోసింది వీటిలోకే. ఇంగ్లీషు వాళ్ళ గోడౌన్, మలయ్ వాళ్ళ గుడాంగ్, రెండిటికీ మూలం మన గిడ్డంగి, తమిళుల కిడంగు అని భాషా పండితులు చెబుతారు. అది చెప్పగానే అమ్మ ఒక గోడ మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడిపోయింది.

అప్పట్లో ఈ నది మురికి కూపం. 1977లో శుభ్రం చెయ్యడం మొదలుపెట్టి పదేళ్ళు పట్టుదలగా చేశారు. 1983లో సరుకు పడవలన్నిటినీ ఇక్కడి నుంచి పంపేశారు. గిడ్డంగులు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాతే వాటిలోకి బార్లు, రెస్టారెంట్లు వచ్చాయి. ఇప్పుడు ఆ పాత పడవల రూపంలోనే టూరిస్టు పడవలు తిరుగుతున్నాయి. ఎక్కితే దీపాలు పెట్టాక ఎక్కండి. కావెనా వంతెన దగ్గర నీళ్ళలోకి దూకుతున్న పిల్లల కంచు బొమ్మలు ఉన్నాయి, అక్కడ ఆగకుండా రాకండి.

పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా అని చాలామందికి సందేహం. మాకు ఎక్కడా ఇబ్బంది కలగలేదు. రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఏడు దాకా బహిరంగ ప్రదేశాల్లో మందు తాగకూడదని 2015 నుంచి చట్టం ఉంది, అందుకే వంతెనల మీద సీసాలతో గుంపులు కనిపించవు. తాగేవాళ్ళు లోపలే తాగుతారు. బోట్ కీలో మెనూలు పట్టుకుని పిలిచేవాళ్ళు మాత్రం ఉంటారు. నవ్వి "వద్దు" అని ముందుకు నడిస్తే చాలు.

బస విషయంలో మేం తప్పు చేశాం. నది పక్కనే అని మురిసిపోయి బుక్ చేసిన గదిలోకి పాటల హోరు తెల్లవారుజాము దాకా వినిపించింది, అమ్మకి కంటి మీద కునుకు లేదు. మర్నాడే లిటిల్ ఇండియాకి మారిపోయాం. క్లార్క్ కీ నుంచి మెట్రోలో రెండో స్టేషనే. కొత్త గది చిన్నదే కానీ ప్రశాంతంగా ఉంది. బుక్ చేసేముందు కిటికీ ఉందో లేదో చూసుకోండి. సింగపూర్‌లో చవక గదులు చాలావాటికి కిటికీ ఉండదు, ఆ మాట చిన్న అక్షరాల్లో రాస్తారు.

రెండో సాయంత్రం భోజనానికి బోట్ కీ నుంచి లావు పా సాత్‌కి నడిచాం. ఎనిమిది పలకల ఇనుప కట్టడం, పాత మార్కెట్. చీకటి పడ్డాక పక్క వీధిలో వాహనాలు ఆపేసి బల్లలు వేస్తారు. బొగ్గుల మీద సాటే పుల్లలు (పుల్లలకి గుచ్చిన మాంసం ముక్కలు) కాలుతుంటే వీధంతా పొగ. ఒకతను తాటాకు విసనకర్రతో నిప్పు రాజేస్తూ, రెండో చేత్తో గుప్పెడు పుల్లలు ఒక్కసారిగా తిప్పాడు, ఒక్కటీ జారలేదు. తమ్ముడు రెండుసార్లు తెచ్చుకున్నాడు. అమ్మకి లోపల భారతీయ స్టాల్లో రోటీ ప్రాటా, అంటే మన పరోటా లాంటిది, దొరికింది. సర్వీస్ ఛార్జీ లేదు, గింజలు లేవు. తిన్నాక ట్రే మనమే తీసి పెట్టాలి, లేకపోతే జరిమానా పడొచ్చు. ముగ్గురం కడుపు నిండా తిన్నా ముందురోజు బిల్లులో మూడో వంతు కాలేదు.

తిరిగి నది దగ్గరికి వచ్చేసరికి పదకొండు దాటింది. మెట్రో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతుంది, పన్నెండు దాటితే టాక్సీ మీటరు మీద 50 శాతం అదనం. "అమ్మా, లే, రైలు పోతుంది" అన్నాడు తమ్ముడు. అమ్మ మెట్ల మీద కూర్చుని నీళ్ళలో ఊగుతున్న దీపాలు చూస్తోంది. "ఇంకో పది నిమిషాలు ఉందాం రా" అంది.

టాక్సీలోనే వెళ్ళాం.