నాక్‌నరే కొండ ఎక్కాలంటే ఏ దారి మేలు: గ్లెన్ రోడ్డా, స్ట్రాండ్‌హిల్లా?

ఐర్లండ్‌లో ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ దొరికితే మోహర్ క్లిఫ్స్ వైపో, కిలార్నీ వైపో పోతారు. స్లైగో పేరెత్తితే "అంత దూరమా" అంటారు. డబ్లిన్ కనోలీ స్టేషన్‌లో రైలెక్కితే మూడు గంటల పైచిలుకు ప్రయాణం, అంతే. ఆ ఊరికి పడమర, సముద్రం అంచున, పక్కన ఇంకో కొండ తోడు లేకుండా ఒంటరిగా నిలబడి ఉంటుంది నాక్‌నరే. ఎత్తు 327 మీటర్లే కదా అని తీసిపారేయొద్దు. ఉత్తరాన స్లైగో బే, దక్షిణాన బాలీసడేర్ బే, ఆ రెండు నీళ్ళ మధ్య ఉన్న నేల మీద ఎత్తుగా కనిపించేది ఇదొక్కటే కాబట్టి, పైకి చేరాక ఏ దిక్కుకు తిరిగినా చూపుకు అడ్డు ఉండదు. ఇంతకు రెండింతల ఎత్తున్న కొండల మీద కూడా పక్క కొండలు అడ్డొచ్చి సగం దృశ్యమే దొరుకుతుంది.

ఎక్కడానికి ప్రధానంగా రెండు దారులు. ఆగ్నేయం వైపు గ్లెన్ రోడ్డు కార్ పార్క్ నుంచి వెళ్ళే పాత దారి ఒకటి. సముద్రం వైపు స్ట్రాండ్‌హిల్ ఊరి దగ్గర మొదలై, చెట్ల పక్కన చెక్క మెట్లెక్కుతూ వెళ్ళే క్వీన్ మేవ్ ట్రయిల్ రెండోది. రాత్‌క్యారిక్ అడవి వైపు నుంచి కూడా రావచ్చు గానీ, అదీ చివరికి ఆ మెట్ల దారిలోనే కలుస్తుంది కాబట్టి విడిగా లెక్కపెట్టడం లేదు.

"ఏదైనా ఒకటే, పైన కనిపించేది అదేగా" అనేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. పైన కనిపించేది అదే, కానీ పైకి వెళ్ళేదాకా కనిపించేది వేరు, కాళ్ళకు పడే పని వేరు, అక్కడిదాకా చేరుకునే తిప్పలు వేరు.

ముందు తేలికైనది చెప్తాను. గ్లెన్ రోడ్డు దారిలో కార్ పార్కే కొండ మీద కొంత ఎత్తులో ఉంటుంది, అంటే కొంత ఎక్కడం మీ బదులు కారే చేసేస్తుంది. అక్కడి నుంచి పొలాల కంచెల మధ్య వెడల్పాటి రాళ్ళ బాట. దారి తప్పే ప్రశ్నే లేదు. పక్క పొలాల్లో గొర్రెలు మేస్తుంటాయి, వాటి పెంటికలు చూసుకుని అడుగేయాలి. గేటు దాటితే వెనక మళ్ళీ వేసెయ్యాలి, ఇది మర్యాద కోసం కాదు, ఆ భూముల్లో పశువులున్న రైతు కోసం. కాస్త పైకి వెళ్ళాక కంచెలు వెనకబడతాయి, గడ్డి, హెదర్ పొదలు మొదలవుతాయి. నింపాదిగా, మధ్యలో ఆగుతూ నడిచినా ముప్పావు గంటకు అటూ ఇటుగా పైన ఉంటారు. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడవచ్చు, ఇది చిన్న విషయం కాదు, స్ట్రాండ్‌హిల్ మెట్ల మీద ఆ వీలు ఉండదు.

దీనికున్న లోపం, సముద్రం చివరిదాకా దాక్కుని ఉండటం. ఎక్కేటప్పుడు మీ ముందు కొండ వాలు తప్ప ఏమీ ఉండదు. ఆగి వెనక్కి తిరిగితే పచ్చటి పొలాలు, దక్షిణంగా బాలీసడేర్ బే, దాని వెనక ఆక్స్ మౌంటెన్స్ నీలంగా కనిపిస్తాయి. బాగానే ఉంటుంది, కాదనను. కానీ అట్లాంటిక్ కోసం వచ్చినవాళ్ళకు అది పైకి వెళ్ళాకే. ఇంకో సంగతి, దిగేటప్పుడు వదులు రాళ్ళు కాలి కింద దొర్లుతాయి. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడే తెలుస్తుంది.

స్ట్రాండ్‌హిల్ వైపు మొదలయ్యేది దాదాపు సముద్ర మట్టానికి దగ్గర్లో, రగ్బీ క్లబ్ పక్కన. అంటే 327 మీటర్లలో చాలా భాగం మీ కాళ్ళే ఎక్కాలి. మొదట్లో మామూలు బాటే, ఆ తర్వాత చెట్ల పక్కన నిటారుగా చెక్క మెట్లు. రైలు పట్టాల కింద వేసే స్లీపర్ల లాంటి మందపాటి దుంగలు, వాటి మీద కాలు జారకుండా ఇనుప వల పరిచి మేకులు కొట్టారు. అక్కడక్కడ ఆ వల అరిగి అంచు లేచి ఉంటే బూటు ముక్కు తగులుకుంటుంది, కాబట్టి ఫోన్ చూసుకుంటూ ఎక్కొద్దు. మెట్ల ఎత్తు అన్నీ ఒకేలా ఉండవు. ఊపిరి అందుకునే లయ కుదిరిందనుకునేలోపు ఒక మెట్టు ఎత్తుగా వచ్చి ఆ లయ చెడగొడుతుంది. తొడలు పట్టేస్తాయి, ఆ మాట దాచడం ఎందుకు.

అయితే ఆయాసంతో ఆగిన ప్రతిసారీ దానికి ఫలితం ఉంటుంది, అదే ఈ దారి గొప్ప. వెనక్కి తిరిగితే కింద స్ట్రాండ్‌హిల్ ఇళ్ళు, బీచ్‌లో తెల్లటి అలల వరసలు, సముద్రం పక్కనే చిన్న విమానాశ్రయం రన్‌వే (2011 నుంచి అక్కడ మామూలు ప్యాసింజర్ సర్వీసులు లేవు, కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ మాత్రం లేస్తుంటుంది). ఇంకో ఇరవై మెట్లెక్కి చూస్తే కోనీ ఐలండ్ పూర్తిగా బయటపడుతుంది. ఆటు సమయమైతే ఆ దీవికి ఇసుక మీదుగా కార్లు వెళ్ళే దారి తేలుతుంది, దారి గుర్తుకు అక్కడ 14 రాతి స్తంభాలు పాతి ఉంటాయి, పోటు వస్తే అంతా నీళ్ళే. ఇంకా పైకి వెళితే ఉత్తరాన బెన్‌బుల్బిన్, తలకాయ బల్లపరుపుగా, పక్కలు నిట్టనిలువుగా. ఒక్కో మజిలీలో ఒక్కొక్కటి కలుస్తూ పోతుంది. గ్లెన్ రోడ్డులో ఈ వరస లేదు. అక్కడ చివర్లో అంతా ఒకేసారి.

ఇప్పుడు ఎవరికి ఏది అన్నది. కారు లేకపోతే ఇక ఆలోచించే పనే లేదు, స్ట్రాండ్‌హిల్లే. స్లైగో నుంచి ఆ ఊరికి లోకల్ బస్సుంది, దిగి నడవచ్చు. గ్లెన్ రోడ్డు కార్ పార్క్‌కు బస్సులో చేరడం అయ్యే పని కాదు, టాక్సీలో వెళ్ళినా తిరిగి రావడానికి మళ్ళీ ఇంకోటి పిలవాలి. స్లైగోలో ఏటీయూలో (అట్లాంటిక్ టెక్నలాజికల్ యూనివర్సిటీ) చదివే పిల్లలకు, డబ్లిన్ నుంచి రైల్లో వచ్చే స్టూడెంట్లకు ఈ ఒక్క కారణం చాలు.

ఎండాకాలంలో అమ్మానాన్నలు వచ్చారు, మోకాళ్ళ నొప్పులున్నాయి అంటే మాత్రం గ్లెన్ రోడ్డే, మారుమాట లేదు. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకు కష్టం, అందులోనూ ఆ ఎగుడుదిగుడు మెట్ల మీద. వెడల్పు బాట అయితే అడ్డంగా నడుస్తూ, చెయ్యి పట్టుకుని మెల్లగా దించొచ్చు. చీర కట్టుకుని కూడా వెళ్ళొచ్చు, చెప్పులతో మాత్రం వద్దు, అత్తగారు ఎంత "నాకలవాటే" అన్నా సరే. స్ట్రోలర్‌తో రెండు దారులూ దండగే, చంటిపిల్లల్ని వీపు క్యారియర్‌లో వేసుకోవాల్సిందే. ఆరేడేళ్ళు దాటిన పిల్లలకు మాత్రం మెట్ల దారే నచ్చుతుంది, లెక్కపెట్టుకుంటూ మనకంటే ముందు పోతారు.

వాన విషయం కాస్త తిరకాసు. చెట్ల పక్కన నడుస్తుంటే గాలి దెబ్బ తగ్గుతుంది, కానీ తడిసిన చెక్క తడిసిన చెక్కే, ఇనుప వల ఉన్నా పూర్తిగా నమ్మలేం. గ్లెన్ రోడ్డులో నెత్తిన ఏ ఆచ్ఛాదనా లేదు, కానీ కాలు మాత్రం నిలుస్తుంది. అందుకని సన్నటి జల్లయితే ఏదైనా సరే, బాగా నానిన రోజున గ్లెన్ రోడ్డు. పొగమంచు కొండ తల మీద కూర్చుందా, ఏ దారీ వద్దు. ఈ కొండకు వెళ్ళేదే చూడటానికి, తెల్లటి మబ్బులో నిలబడి సెల్ఫీ దిగడానికి కాదు. బయల్దేరే ముందు ఐర్లండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ సూచన చూసుకోవాలి, స్లైగోలో దిగాక తలెత్తి కొండ నెత్తి కూడా చూసుకోవాలి, రెండోదే ఎక్కువ నమ్మకం.

పైన ఏ దారిన వచ్చినవాళ్ళకైనా ఎదురయ్యేది ఆ రాళ్ళ గుట్ట, స్లైగో టౌన్ నుంచి చూసినా కొండ నెత్తిన బొడిపెలా కనిపించేది. దగ్గరకు వెళితే అడ్డంగా సుమారు 55 మీటర్లు, ఎత్తు 10 మీటర్లు. పాత ఐరిష్ కథల్లో పడమటి కొనాఖ్ట్ రాజ్యాన్ని ఏలిన రాణి మేవ్ సమాధి అని జనం నమ్మకం. కవచం తొడుక్కుని, ఈటె పట్టుకుని, ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ శత్రువుల వైపు మొహం పెట్టి, నిలబెట్టే పాతారని కథ. నిజానికి ఆ గుట్ట రాణి కథల కంటే ఎంతో పాతది, సుమారు 5,000 ఏళ్ళ కిందటి రైతులు కట్టింది. లోపల సమాధి గది ఉండొచ్చని నిపుణుల అంచనా, కానీ ఇంతవరకు తవ్వలేదు. ఇదే కొండలో ఒక చిన్న గుహలో దొరికిన మనిషి ఎముకలైతే దాదాపు 5,500 ఏళ్ళ నాటివని తేలింది. తూర్పున కింద పొలాల్లో క్యారోమోర్ సమాధులు, ఇంకా దూరంగా క్యారోకీల్ కొండల మీద ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. అన్నీ కలిపి యునెస్కో గుర్తింపు కోసం ఐర్లండ్ తయారుచేసుకున్న తాత్కాలిక జాబితాలో ఉన్నాయి.

ఆ గుట్ట మీదికి ఎక్కొద్దని బోర్డు పెట్టారు. అయినా ఎక్కుతారు, ఎక్కి ఎక్కి ఒక పక్క రాళ్ళు జారి గీత పడిపోయింది. అక్కడ 10 మీటర్లు ఎక్కితే కొత్తగా కనిపించేది ఏమీ లేదు, గుట్ట చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే నాలుగు దిక్కులూ వస్తాయి. ఉత్తరాన బెన్‌బుల్బిన్, గాలి శుభ్రంగా ఉంటే సముద్రం అవతల డొనెగాల్‌లోని స్లీవ్ లీగ్ కొండ. తూర్పున స్లైగో, దాని వెనక లాక్ గిల్ సరస్సు. నైరుతిలో మేయో కొండలు, అదృష్టం బావుంటే క్రో ప్యాట్రిక్ కూడా.

ఏ టైమ్‌కు వెళ్తే బాగుంటుంది అన్నదానికి దారితో సంబంధం ఉంది. జూన్ చివర్లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి పది దాటాకే. సాయంత్రం భోజనం చేసి బయల్దేరినా బోలెడు వెలుతురు. అప్పుడు మాత్రం గ్లెన్ రోడ్డు నుంచి ఎక్కండి, ఎందుకంటే అస్తమయం చూసి మసక చీకట్లో దిగడానికి ఆ వెడల్పు బాటే క్షేమం. చెట్ల పక్క మెట్లు ఇంకా ముందే చీకటి పడిపోతాయి. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా సూర్యుడు వెళ్ళిపోతాడు, మధ్యాహ్నం తిని బయల్దేరే మన అలవాటు ఆ నెలలో పనికిరాదు.

గ్లెన్ రోడ్డుకు ఇంకో మార్కు ఇవ్వాలి. కొండకు దక్షిణంగా, రోడ్డు పక్కనే గ్లెన్ అనే సన్నటి లోయ దాక్కుని ఉంది, ఆ రోడ్డుకు పేరు దాన్నుంచే. రెండు పక్కల సున్నపురాయి గోడలు, మధ్యలో ఫెర్న్‌లు, నాచు, కాళ్ళ కింద బురద. కొండ దిగాక ఓపికుంటే చూసి పోవచ్చు. స్ట్రాండ్‌హిల్ వైపు మార్కులు వేరు: దిగగానే బీచ్, కాఫీ, ఐస్‌క్రీం, సముద్రపు నాచు వేసిన వేడినీళ్ళ స్నానం, ఇంకేం కావాలి. బీచ్‌లో ఈత మాత్రం వద్దు, ప్రవాహాలు ప్రమాదకరం, సర్ఫింగ్ చేసేవాళ్ళ చోటది.

నన్ను ఒక్కటే చెప్పమంటే స్ట్రాండ్‌హిల్ అంటాను, మోకాళ్ళు సహకరించేవాళ్ళకు. కష్టం కాస్త ఎక్కువే, కానీ ఎక్కినంతసేపూ ఏదో ఒకటి చూపిస్తూనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ వెళ్ళేటప్పుడు, ముసలీ ముతకా ఉన్నప్పుడు, వాతావరణం మీద నమ్మకం లేనప్పుడు గ్లెన్ రోడ్డు.

స్ట్రాండ్‌హిల్‌లో ఎక్కి గ్లెన్ రోడ్డులో దిగితే రెండూ చూసినట్టవుతుంది కదా అంటారు, అవుతుంది. కాకపోతే దిగాక కారు కొండకు అవతల ఉంటుంది, తారు రోడ్డు మీద, ఫుట్‌పాత్ లేని చోట్ల కార్లను తప్పుకుంటూ, కొండ చుట్టూ నడిచి రావాలి. గుంపులో నడవడానికి బద్ధకించే బావగారొకరు తప్పకుండా ఉంటారు, కారు తాళాలు ఆయన చేతిలో పెట్టి గ్లెన్ రోడ్డు కార్ పార్క్‌కు తెచ్చి ఉంచమనండి.